నర్సు బడిలో తొలి ఏడు: నాడు, నేడు

ఉగాది పచ్చడి నోట వేసుకొని, పంచాంగ శ్రవణం విని ఇల్లు చేరిన తరువాత మన షోలాపురం తెలుగు ఇండ్లలో మొదట వచ్చే మాట పిల్లల చదువును గురించినదే. పంచాంగంలో ఆదాయ వ్యయాలు ఎట్లున్నా, పన్నెండవ తరగతి పరీక్షలు వ్రాసి కూర్చున్న పిల్లను దేనిలో చేర్చవలెనన్న ప్రశ్న ఏ ఇంట చూచినా ఉన్నదే. మనం మగ్గాల చప్పుడులో పెరిగినవారం. బీడీలు చుట్టిన చేతులతోనే పిల్లల ఫీజులు కట్టిన తల్లులు మనలో ఎందరో ఉన్నారు. అటువంటి ఇండ్ల నుండి ఇప్పుడు నర్సింగు చదువుకు పిల్లలు బయలుదేరుతున్నారు. ఆ చదువు ఎక్కడ పుట్టినదో, అందులో చేరిన పిల్లకు తొలి ఏడు ఏమి ఎదురవుతుందో, అది అట్లే ఎందుకు ఏర్పడినదో ఈ సంచికలో మనవి చేయదలచినాము.

ఇది వ్రాయుటకు మాకు వైద్యంలో ఏ అర్హతా లేదు. రైల్వేలో గుమాస్తా పని చేసుకొనేవారము. మా ఇంట జరిగిన ఒక పొరపాటే మా చేత ఈ చరిత్రను వెదికించి చదివించినది. కొన్నేండ్ల క్రిందట మా అక్కగారి అమ్మాయి మూడేండ్ల నర్సింగు డిప్లొమాలో చేరినది. రెండవ నెలలో ఫోను చేసి, "మామా, ఈడ పక్కలు పరిపిస్తున్నరు, రోగుల బెడ్‌పాన్లు ఎత్తిపిస్తున్నరు. పన్నెండు చదివింది దీనికేనా? వచ్చి నన్ను తోల్కపో" అని ఏడ్చినది. ఇంట పెద్దలు, మన పిల్ల ఒకరి మలమూత్రాలు ఎత్తుటకు పుట్టలేదన్నారు. మేము రాత్రి బండికి వెళ్ళి, పెట్టె సర్దించి, మరునాటికి ఇల్లు చేర్చినాము. కట్టిన ఫీజు పోయినది, ఏడాది పోయినది. తప్పు ఆ బడిది కాదు, పిల్లది అసలే కాదు. అక్కడ ఏముంటుందో తెలియక పంపినది మేము. తెలుసుకొనకుండా తీసుకొని వచ్చినదీ మేమే.

రోగికి సేవ చేయుట అనాదిగా ఉన్నదే. మన ఇండ్లలో అమ్మమ్మలు చేసినారు, ఊళ్ళలో మంత్రసానులు చేసినారు. కాని దానిని ఒక విద్యగా బడి పెట్టి నేర్పవలెనన్న ఆలోచన ఐరోపాలో 19వ శతాబ్దంలో బలపడినది. జర్మనీలో రైను నది ఒడ్డున కైజర్స్‌వెర్త్ అనే ఊళ్ళో ఫ్లీడ్నర్ అనే పాస్టరు 1836లో ఆసుపత్రితో కూడిన శిక్షణాలయం ఒకటి నెలకొల్పినాడు. 1851లో అక్కడికి 31 ఏండ్ల ఆంగ్ల వనిత ఒకామె వచ్చి సుమారు మూడు నెలలు పని నేర్చుకొన్నది. ఆమెయే ఫ్లారెన్స్ నైటింగేల్. 1820 మే 12న ఇటలీలోని ఫ్లారెన్సు నగరంలో పుట్టుట వలన ఆమెకు ఆ పేరు పెట్టినారు. ఆ జన్మదినాన్నే నేడు ప్రపంచమంతటా నర్సుల దినంగా జరుపుకొంటున్నారు.

ఆమె అక్కడికి సులభంగా చేరలేదు. 1845లోనే సాలిస్‌బరీ ఆసుపత్రికి వెళ్ళి పని నేర్చుకొంటానని ఇంట అడిగినది. తల్లి ఒప్పుకొనలేదు. వారిది కలవారి కుటుంబం. ఆ రోజులలో ఇంగ్లండులో ఆసుపత్రి నర్సు అంటే చదువు లేనిది, తాగుబోతు అన్న పేరు ఉండేది. చార్లెస్ డికెన్స్ 1843-44లో ప్రకటించిన 'మార్టిన్ చజిల్‌విట్' నవలలో సెయిరీ గ్యాంప్ అనే తాగుబోతు నర్సును చిత్రించి దేశాన్నంతా నవ్వించినాడు. కనుక "మన పిల్లకు ఇటువంటి పనా?" అన్న మాట మా ఇంట పుట్టినది కాదు. ఫ్లారెన్స్ నైటింగేల్ ఇంటనే అది ముందు వినబడినది.

1854లో క్రిమియా యుద్ధం వచ్చినది. ఆ సంవత్సరం నవంబరులో ఆమె 38 మంది స్త్రీలతో స్కుటారి సైనికాసుపత్రికి చేరినది. ఆ స్కుటారి నేటి ఇస్తాంబుల్ నగరంలోని ఉస్కుదార్. అక్కడ గాయాల కంటె మురికి వలన, విరేచనాల వలన, విషజ్వరాల వలన సైనికులు ఎక్కువగా చనిపోతుండేవారు. ఆమె సేవకు కృతజ్ఞతగా ఇంగ్లండు ప్రజలు 1855 నుండి చందాలు వేసుకొని సుమారు 45 వేల పౌండ్ల నిధి కూర్చినారు. ఆ ధనాన్ని ఆమె తన కోసం వాడుకొనలేదు. దానితోనే 1860 జూన్‌లో లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సు బడి ప్రారంభమైనది. తొలి జట్టులో చేరినవారు 15 మంది.

రైల్వేవారమైన మాకు ఇందులో ఒక విశేషం కనబడినది. రెండేండ్లు తిరగకుండానే, 1862లో, ఛేరింగ్ క్రాస్ రైలు మార్గం కోసం ఆ ఆసుపత్రి స్థలాన్ని రైలు కంపెనీ కొన్నది. ఆసుపత్రి సర్రీ గార్డెన్స్ అనే తోటలోని తాత్కాలిక భవనాలకు మారి, 1871లో లాంబెత్‌లో థేమ్సు నది ఒడ్డున కట్టిన కొత్త భవనాలకు చేరినది. ఇల్లు మారినా బడి ఆగలేదు. వలస వచ్చిన మనకు ఆ సంగతి వింతగా తోచదు.

ఇప్పుడు ఆ తొలి బడిలో కొత్తగా చేరిన స్త్రీకి ఏమి ఎదురయ్యేదో చూతము. చేరుటకు వయస్సు 25 నుండి 35 లోపల ఉండవలెను. శిక్షణ ఒక ఏడాది. బస, భోజనం, ఉడుపులు ఉచితం. పైగా సంవత్సరానికి 10 పౌండ్లు చేతికి ఇచ్చేవారు. ఆ స్త్రీలను ప్రొబేషనర్లు అనేవారు. ఈ మాట మన కచేరీలలోనూ ఉన్నదే. కొత్త గుమాస్తాను గురించి పై అధికారి రిపోర్టు వ్రాసినట్లే, అక్కడ మాట్రను శ్రీమతి వార్డ్రోపరు ప్రతి ప్రొబేషనరును గురించి నెల నెలా ఒక పత్రం నింపేది. అందులో వేళకు వచ్చుట, నిశ్శబ్దంగా మసలుట, నమ్మకం, ఒంటి శుభ్రం, వార్డును చక్కబెట్టే తీరు అనే గడులు ఉండేవి. ప్రతి గడిలో ఆమె ఎట్లున్నదో గుర్తు వేసేవారు.

ఇక నేర్చుకొనవలసిన పనుల జాబితా మరొకటి ఉండేది. పుండ్లకు, కాలిన గాయాలకు కట్లు కట్టుట. జలగలు పట్టించుట. ఎనిమా ఇచ్చుట. కదలలేని రోగిని కదపుట, తినిపించుట, ఒళ్ళు తుడుచుట, వీపు మీద పుండు పడకుండా చూచుట. పక్క పరచుట, రోగి పక్క మీద ఉండగానే దుప్పటి మార్చుట. పథ్యం వండుట. గదిలోనికి మంచి గాలి రప్పించుట. పాత్రలు శుభ్రం చేయుట. చివరకు, రోగిని కనిపెట్టి చూచుట. అంటే అతని నాడి, చర్మం, ఆకలి, నిద్ర, ఊపిరి, కఫం, మలమూత్రాలు ఎట్లున్నవో గమనించి డాక్టరుకు సరిగా చెప్పుట.

ఆ చివరి అంశమే ఆ బడికి ప్రాణం. డాక్టరు వచ్చి కొద్ది నిమిషాలు నిలిచి పోతాడు. మిగిలిన గంటలన్నీ రోగిని చూచేది నర్సు. ఆమె కన్ను చూడనిది డాక్టరుకు తెలియదు. ఆ కన్నుకు శిక్షణ ఎక్కడ దొరుకుతుంది? పక్క పరచే వేళ దుప్పటి మీది మరకలో, ఒళ్ళు తుడిచే వేళ తుంటి మీద కనబడిన ఎర్రని మచ్చలో, బెడ్‌పాను ఎత్తే వేళ దానిలో కనబడిన రక్తపు చారలో దొరుకుతుంది. కనుక ఆ పనులను నర్సుకు ఇచ్చినది ఆమెను తక్కువ చేయుటకు కాదు. రోగి స్థితి తెలిసేది ఆ పనులలోనే. లిస్టరు పుండ్లు కుళ్ళకుండా చేసే తన పద్ధతిని ప్రకటించినది 1867లో. దానికి ఏడేండ్ల ముందే ఈ బడిలో శుభ్రతను పాఠంగా పెట్టినారు.

ఇక మన దేశానికి వద్దాము. 1871లో మద్రాసు జనరల్ ఆసుపత్రిలో శిక్షణ మొదలైనది. అది ఆరు నెలల మంత్రసాని పాఠం, చేరినవారు నలుగురు. కోస్తా జిల్లాలు అప్పుడు మద్రాసు రాజధానిలోనివే. గుంటూరులో 1883 నుండి స్త్రీలకు వైద్యం చేసిన అమెరికను లేడీ డాక్టరు అన్నా కుగ్లరు 1898లో స్త్రీల కొరకు, పిల్లల కొరకు పెద్ద ఆసుపత్రి తెరిచినది. వెల్లూరులో డాక్టరు ఐడా స్కడరు 1909లో నర్సు బడి పెట్టినది. ఆమె డాక్టరు కాక ముందు, తిండివనంలో తండ్రి గారింట ఉన్నప్పుడు ఒకే రాత్రి మూడు ఇండ్ల నుండి పిలుపు వచ్చినది. మూడు చోట్లా ప్రసవ వేదనే. మగ డాక్టరును లోనికి రానీయబోమని ఆ ఇండ్లవారు పట్టుబట్టినారు. ముగ్గురు స్త్రీలూ చనిపోయినారు. ఆ రాత్రియే ఆమెను వైద్య విద్యకు పంపినది. డాక్టరయి వచ్చిన తరువాత, తనకు నర్సులు లేనిదే ఆసుపత్రి లేదని గ్రహించి బడి తెరిచినది.

అయితే ఆ బడులకు వచ్చినవారిలో అధిక సంఖ్యాకులు ఆంగ్లో ఇండియనులు, క్రైస్తవ యువతులు. మిగిలిన కులాలవారు పిల్లలను పంపుటకు జంకినారు. కారణాలు రెండు. పరుల శరీరాన్ని, మలమూత్రాలను తాకితే మైల అనుట ఒకటి. రాత్రి వేళ ఆడది ఇల్లు విడిచి పని చేయుట అప్రతిష్ఠ అనుట రెండవది. 1908లో శిక్షణ పొందిన నర్సుల సంఘం ఏర్పడినది. 1926లో మద్రాసు రాజధానిలో నర్సులు, మంత్రసానుల చట్టం వచ్చినది. అయినా ఆ రెండు జంకులూ పోలేదు.

దాని ఫలితం లెక్కలలో కనబడినది. ప్రభుత్వం 1943లో సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన నియమించిన సంఘం 1946లో నివేదిక ఇచ్చినది. దేశం మొత్తం మీద నర్సులు సుమారు 7 వేల మంది, అంటే 43 వేల మంది జనానికి ఒక నర్సు. 43 వేల మందిలో ఎంతమంది బాలింతలు, ఎంతమంది పసికందులు, ఎంతమంది ముసలివారు ఉంటారో పాఠకులే ఊహించవచ్చును. ఒక్కొక్క ఇంట "మా పిల్ల వద్దు" అన్న మాటలన్నీ కూడితే వచ్చిన లెక్కలో ఇది పెద్ద భాగం.

1946లోనే ఢిల్లీలోను, వెల్లూరులోను నర్సింగులో డిగ్రీ చదువు మొదలైనది. 1947లో భారత నర్సింగ్ కౌన్సిలు చట్టం వచ్చినది. అప్పటి ఆరోగ్య మంత్రిణి రాజకుమారి అమృత్ కౌర్ ఈ వృత్తికి అండగా నిలిచినందున ఢిల్లీ కళాశాలకు తరువాత ఆమె పేరే పెట్టినారు. 1947 నాటి చట్టం స్థానంలో జాతీయ నర్సింగు, మిడ్‌వైఫరీ కమిషను కొరకు 2023లో పార్లమెంటు కొత్త చట్టం చేసినది.

నేడు చేరే పిల్లకు త్రోవలు ముఖ్యంగా మూడు. రెండేండ్ల ఎ.ఎన్.ఎం., మూడేండ్ల జి.ఎన్.ఎం. డిప్లొమా, నాలుగేండ్ల బి.ఎస్సి. నర్సింగు. చివరి దానికి పన్నెండవ తరగతిలో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు, ఇంగ్లీషు ఉండవలెను. చేరే ముందు ఆ బడికి కౌన్సిలు గుర్తింపు ఉన్నదో లేదో, చదువు ముగిసిన తరువాత రాష్ట్ర కౌన్సిలులో పేరు నమోదు అవుతుందో లేదో పెద్దలు స్వయంగా విచారించవలెను. ఒక రాష్ట్రంలో ఇల్లు, ఇంకొక రాష్ట్రంలో చదువు, మరొక రాష్ట్రంలో ఉద్యోగం మన వలసవారికి మామూలే. కనుక ఈ విచారణ మనకు రెండింతలు అవసరం.

2021లో ప్రకటించిన పాఠ్యక్రమం ప్రకారం డిగ్రీ చదువు ఎనిమిది సెమిస్టర్లు. తొలి ఏడు శరీర నిర్మాణం, శరీర ధర్మం, మనస్తత్వం, సమాజం, పోషకాహారం, జీవ రసాయనం మొదలైన పాఠాలు ఉంటవి. వాటి నడుమ నర్సింగు ఫౌండేషన్ అనే పాఠం ఒకటి ఉన్నది. 1860 నాటి జాబితాలోని ముఖ్యమైన పనులు అక్కడ ఇంకా కనబడతవి. జలగలు పోయినవి, రక్తపుపోటు కొలిచే యంత్రం వచ్చినది. పక్క పరచుట, ఒళ్ళు తుడుచుట, తినిపించుట, బెడ్‌పాను పెట్టుట, పుండు పడకుండా చూచుట, కనిపెట్టి వ్రాయుట ఉన్నవి. మొదట బొమ్మ మీద చేయిస్తారు. తరువాత వార్డులో టీచరు ఎదుట చేయిస్తారు. సరిగా చేస్తేనే రికార్డు పుస్తకంలో సంతకం పడుతుంది.

పిల్లకు ముందే చెప్పి పంపవలసిన సంగతులు కొన్ని ఉన్నవి. గాజులు, ఉంగరాలు ఉండరాదు, గోళ్ళు పెరగరాదు. చేతులు చక్కగా కడుగుకొనుటకే ఈ నియమం, ఇంటి ఆచారం మీద కోపంతో పెట్టినది కాదు. కాళ్ళు వాస్తవి, కనుక మెత్తని మంచి బూట్లు కొని ఇయ్యవలెను. వార్డులోనికి పోకముందే కామెర్ల టీకా, అనగా హెపటైటిస్ బి టీకా, వేయించవలెను. పాఠాలు ఇంగ్లీషులో ఉంటవి, తొలి మూడు నెలలు అది బరువుగానే ఉంటుంది. మొదటి సారి రక్తం చూచినప్పుడు కండ్లు తిరగవచ్చును. మొదటి సారి ఒక రోగి కన్ను మూసినప్పుడు రాత్రి నిద్ర పట్టదు. అది పిరికితనం కాదు. ఆ రాత్రి ఇంటి నుండి ఒక ఫోను పోతే చాలును. మన పిల్లలకు ఒక మేలు ఉన్నది. ఇంట తెలుగు, వీధిలో మరాఠీ, బజారులో కన్నడం, హిందీ విని పెరిగినవారు. భయపడిన రోగికి తన భాషలో ఒక మాట చెప్పగల నర్సు దొరుకుట సామాన్యం కాదు.

ఇంకొక సంగతి దాచరాదు. శిక్షణ పేరిట పిల్లల చేత ఊరకనే చాకిరీ చేయించుకొన్న ఆసుపత్రులు చరిత్రలో ఉన్నవి. అమెరికాలో 1923 నాటి గోల్డ్‌మార్క్ నివేదిక ఈ దోషాన్ని ఎత్తి చూపి, విద్యార్థినులను పనివారుగా వాడుకొనరాదన్నది. కనుక పిల్ల ఏడ్చి ఫోను చేసినప్పుడు వెంటనే పెట్టె సర్దరాదు, "ఓర్చుకో" అని నోరు మూయించనూరాదు. రెండు ప్రశ్నలు అడుగవలెను. "ఆ పని చేస్తున్నప్పుడు నీ ప్రక్కన నేర్పేవారు నిలిచినారా? నీవు చూచినది వ్రాయించి, దిద్ది, సంతకం చేసినారా?" అవునంటే అది చదువే. నెలల తరబడి కాదన్న జవాబే వస్తే అది చాకిరీ. అప్పుడు పెద్దలు వెళ్ళి ప్రిన్సిపాలుతో మాట్లాడవలెను. మేము ఆ నాడు ఈ రెండు ప్రశ్నలూ అడుగలేదు.

మా మేనకోడలు ఇంటికి వచ్చిన నాలుగు నెలలకు మా అమ్మ జారిపడి తుంటి ఎముక విరుగగొట్టుకొన్నది. ఆసుపత్రిలో నలభై రోజులు పక్క మీదనే. రాత్రులు తోడున్నది ఈ పిల్లే. నర్సు చదువు చదువుతున్న ఒక అమ్మాయి రెండేసి గంటలకు వచ్చి, అమ్మను ప్రక్కకు ఒత్తిగిల్లజేసి, వీపు చూచి, తుడిచి, దుప్పటి ముడత లేకుండా లాగి పోయేది. ఒక నాడు బెడ్‌పాను ఎత్తిన ఆ అమ్మాయి దానిని వెంటనే పారబోయలేదు. మూత్రం రంగు మారినదని, కొలత తగ్గినదని వ్రాసి సిస్టరుకు చూపినది. డాక్టరు వచ్చి మందు మార్చినాడు. అమ్మ ఇంటికి వచ్చిన నాడు వీపు మీద ఒక్క పుండు లేదు. ఆ రాత్రి మా మేనకోడలు, "మామా, నేను పారబోయుటకని అనుకొన్నది చూచుటకట" అన్నది. అంతకు మించి ఏమీ అనలేదు.

మరుసటి ఏడు ఆమె వేరొక ఊళ్ళో మళ్ళీ చేరినది. ఈ సారి ఇంట ఎవరూ అడ్డు చెప్పలేదు. అమ్మ స్వయంగా స్టేషను దాకా వచ్చినది. ఆమె ఇప్పుడు చదువు ముగించి, కౌన్సిలులో పేరు నమోదు చేయించుకొని, ఒక పెద్ద ఆసుపత్రిలో పని చేస్తున్నది. పోయిన ఆ ఒక్క ఏడాది మాత్రం మా ఖాతాలోనే ఉన్నది.

ఈ కొత్త సంవత్సరంలో మన సంఘపు కుటుంబాలలో ఏ ఇంటి పిల్లయినా, పిల్లవాడయినా (నేడు మగపిల్లలకూ ఈ చదువులో చోటున్నది) నర్సు బడికి బయలుదేరితే, తొలి ఏడు ఎట్లుంటుందో పెద్దలు ముందే కూర్చుండబెట్టి చెప్పగలరని, రెండవ నెలలో వచ్చే ఆ ఫోనుకు మా కంటె మంచి జవాబు ఇయ్యగలరని ఆశిస్తూ, పాఠకులకు ఉగాది శుభాకాంక్షలతో సెలవు తీసుకొంటున్నాము.